కొయ్యని కలువ

ఉదయం పదకొండు గంటలకి అద్దాల ఇంటి మీద నల్ల గుడ్డ దించేశారు. లోపల రాత్రయింది.

డాక్టర్ చక్రధర్ గారి పరిశోధనాలయంలో సూర్యుడు కూడా ఆయన వీలు చూసుకునే అస్తమించాలి. బీల కలువ అసలు చీకటి పడ్డాక ఏడింటికి విచ్చుకుంటుంది, మర్నాడు పొద్దెక్కాక ముడుచుకుంటుంది. డైరెక్టరు గారికేమో తొమ్మిదింటికల్లా నిద్రమాత్ర వేసుకుని దుప్పటి కప్పుకోకపోతే కుదరదు. అందుకని తన వేళ మార్చుకోకుండా పువ్వు వేళ మార్చేశాడు. రాత్రంతా దీపాలు, పగలు నల్ల గుడ్డ. మూడు వారాలకి మొక్కలు నమ్మేశాయి. మొక్కలకి ఎవర్ని నమ్మాలో తెలీదు పాపం, అనుకుంది పైడితల్లి.

సనపల పైడితల్లి పాతికేళ్ళుగా అక్కడ వృక్షశాస్త్రవేత్త. యాభై రెండేళ్ళ మనిషి. నోరు తెరిస్తే పుల్లవిరుపు, తెరవకపోతే మొహంలోనే పుల్లవిరుపు. కలువల గురించి ఆమెకి తెలిసినంత జిల్లాలో ఇంకెవరికీ తెలీదు. ఆ సంగతి పక్కవాళ్ళు మర్చిపోయే వీలు కూడా ఆమె ఇవ్వదు.

ఆవేళ రొయ్యల కంపెనీ చైర్మన్ గారు సతీసమేతంగా వేంచేశారు. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది. రొయ్యల మీద మూడంతస్తుల మేడ కట్టించుకున్న ఇల్లాలికి బురద వాసన పడలేదన్నమాట.

"చూడండి మేడమ్, ఇప్పుడు చూడండి," అంటూ చక్రధర్ గారు ఎర్ర టార్చి తొట్టి మీదికి పట్టాడు. ఆయన కాళ్ళకి తళతళలాడే బూట్లు. ఆ బూట్లు ఏనాడూ బీలలో దిగలేదు. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు వెంబడి ఏడాదంతా మోకాలి లోతు నీళ్ళు నిలిచే చిత్తడినే బీల అంటారు. దాని మీద నలభై వ్యాసాలు అచ్చు వేయించుకున్న మనిషికి నీళ్ళంటే సీసాలో వచ్చేవే.

మొగ్గ నెత్తిన సన్నగా గీత పడింది. పై ఆకుపచ్చ డిప్పలు ఒక్కొక్కటే వెనక్కి వాలాయి. తెల్లటి రేకులు, అంచున పలచటి గులాబీ రంగు. పావుగంటలో పువ్వు అరచెయ్యంత అయింది. దాని మధ్యలో చిన్న గిన్నె, గిన్నెలో పలచటి తేనెలా మెరిసే నీరు.

"ఈ నీరు మొదటి రాత్రి మాత్రమే ఊరుతుంది," అన్నాడు చక్రధర్ గారు. "పువ్వుకి 'తెరుచుకో' అని చెప్పేది ఇదే. శుద్ధి చేసి రెండు చుక్కలు నాలుక కింద వేస్తే మనిషికీ అదే చెబుతుంది. రాత్రంతా ఆవులింత ఉండదు, అలుపుండదు. పొద్దున తొమ్మిదికి హాయిగా ముడుచుకుంటారు. మళ్ళీ సాయంత్రానికి తెరుచుకుంటారు."

"నిజమేనండి," అన్నాడు చైర్మన్. "ఇదివరకు మా ఆడవాళ్ళు అర్ధరాత్రి దాటితే బల్లల మీద తూలిపోయేవారు. ఇప్పుడు తెల్లారుజామునక్కూడా పాటలు పాడుకుంటూ వలుస్తున్నారండి."

"అయ్యో పాపం," అంది ఆయన భార్య, కొంగు తియ్యకుండానే. "మరి ఈ పువ్వు ఆ తర్వాత ఏమవుతుందండీ?"

చక్రధర్ గారు నవ్వాడు. "ఏమవుతుంది మేడమ్, కోసేస్తాం." కత్తెర పైడితల్లికి అందించాడు.

ఆమె కసుక్కున కోసింది. రోజుకి అరవై పూలు కోసే చెయ్యి. సరుకంతా మొదటి రాత్రి గిన్నెలోనే ఉంటే రెండో రాత్రితో ఎవరికి పని? ఆ అద్దాల ఇంట్లో ఏ పువ్వూ రెండో రాత్రి చూసి ఎరగదు. పక్కన ఇంకో గది ఉంది, అక్కడ దీపాలు ఎప్పుడూ ఆరవు. ఆ వెలుగులో మొగ్గలు నెల రోజులైనా మొగ్గలుగానే పడి ఉంటాయి. కావలసినప్పుడు ఒక తొట్టిని చీకట్లోకి తోస్తే చాలు, గంటలో విచ్చుకుంటుంది, కత్తెరకి సిద్ధమవుతుంది. దాన్ని వెలుగు గది అనేవారు.

ఏమవుతుందండీ, అని అడగడానికి రొయ్యల చైర్మన్ గారి పెళ్ళాం రావలసి వచ్చింది. అడిగింది కూడా ఊరికే, మాటవరసకి. పైడితల్లి పెదవి విరిచి చేతులు కడుక్కుంది.

పైడితల్లి ఇల్లు బీల గట్టునే. ఆ ఇంట్లో ఆమె, చెల్లెలు సింహాలు. సింహాలు మొగుడు పడమటి తీరాన వెరావళ్ బోట్ల మీద చేపల వేటకి వెళ్ళి, అక్కడే ఇంకో కాపురం పెట్టి, ఆ ముక్క చెప్పే ధైర్యం లేక ఫోన్ నంబరు మార్చేశాడు. "వాడు పోతే పీడాపోయింది," అని పైడితల్లి ఆ రోజే తేల్చేసింది. సింహాలు ఏడిస్తే, అలాంటివాడి కోసం ఏడ్చేవాళ్ళని కూడా అదే గాటన కట్టేసింది.

సింహాలు అయిదో తరగతితో ఆపేసింది. రొయ్యల కంపెనీలో రాత్రి పని, తలలు విరిచి పొట్టు తీయడం. అక్క లెక్కలో ఆమె అంతే. ప్రేమ లేదని కాదు, ఉంది. గౌరవమే లేదు. చెల్లెలు ఏదైనా చెప్పబోతే "నీకేం తెలుసే" అన్నది పైడితల్లి నోటికి ఊతపదం.

ఒకనాడు నిద్రమత్తులో సింహాలు బొటనవేలు ఎముక దాకా కోసుకుంది. అప్పుడు పైడితల్లే చుక్కల కోసం ఆమె పేరు రాయించింది. మొట్టమొదట వేసుకున్న పన్నెండు మందిలో సింహాలు ఒకతె. సూపర్‌వైజరు స్వయంగా నాలుక కింద చుక్కలు వేసేవాడు, ఒక్క రాత్రి తప్పకుండా. మధ్యలో సింహాలుకి ఆటలమ్మ పోసింది. ఏడు రోజులు కంపెనీ గేటు దాటనివ్వలేదు. ఆ ఏడు రాత్రులూ ఆమెకి చుక్కలు లేవు. మిగతా పదకొండు మందికీ నాగా లేదు.

మొదట్లో అంతా సంబరమే. పన్నెండు మందీ పొద్దున తొమ్మిదికి పడుకుని చీకటి పడగానే టక్కున లేచేవారు. వేలు తెగడం లేదు, తిట్లు తినడం లేదు. ఒక్కటే, ఎండ మొహం చూసి నాలుగు నెలలైంది.

"పగలు ఎలగుంటాదో మర్చిపోనానప్పా," అంది సింహాలు ఒకసారి, జడ వేసుకుంటూ.

"ఉక్కగా ఉంటుంది. నువ్వు కోల్పోయిందేం లేదు," అంది పైడితల్లి.

చైర్మన్ గారు వచ్చి వెళ్ళిన నాడే, దీపాల వేళ, పన్నెండు మందినీ పనికి తీసుకెళ్ళే కంపెనీ వ్యాను గట్టు మీద హారను కొట్టింది. సింహాలు టిఫిను డబ్బా పట్టుకుని పరుగెత్తింది. రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చింది.

"అప్పా! దాలెమ్మొదిన లెగడం నేదు. అవతల కాసులు కూడా లెగనేదట. వ్యానులో ఎవులూ నేరు. నానొక్కదాన్నే!"

పైడితల్లి పక్కింట్లోకి వెళ్ళింది. దాలెమ్మ చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. మోకాళ్ళు గుండెలకి ఆనించుకుని, తల వాటి మధ్యకి దోపుకుని, నడుము దగ్గర్నుంచి ఒళ్ళంతా ఎడమవైపుకి మెలిపడి ఉంది. ఊపిరి నిదానంగా, చక్కగా ఆడుతోంది. ఒళ్ళు చల్లగా ఉంది. పైడితల్లి ఆమె చెయ్యి పట్టి చాపింది. వదలగానే ఆ చెయ్యి స్ప్రింగులా మళ్ళీ చుట్టుకుపోయింది.

ఆ చుట్టు ఆమెకి తెలుసు. ఎనిమిదేళ్ళ వయసులో అమ్మ వెనక బీలలో దిగి, కలువ కాయల కోసం నీళ్ళలో చెయ్యి పెట్టినప్పుడు వేళ్ళకి తగిలేది అదే. పువ్వు నాలుగు రాత్రులు విచ్చుకుంటుంది. అయిదో రాత్రి విచ్చుకోదు. కాడ ఎడమవైపుకి చుట్టలు చుట్టుకుంటూ పువ్వుని నీళ్ళ కిందికి లాగేసుకుంటుంది. బీలలో తిరిగే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది ఆ మాట. అద్దాల ఇంట్లో మాత్రం అది ఎవరి కంటా పడదు. కోసిన పువ్వుకి కాడ ఎక్కడిది?

పైడితల్లికి తెలుసు. తెలియడమే కాదు, రాసింది కూడా. ఆమె పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఆరో అధ్యాయం పేరు "కాడ చుట్టుకొనుట". అప్పుడు ఆమె గైడు చక్రధర్ గారే. "మునిగిపోయే పువ్వుకి ఎవడు నిధులిస్తాడమ్మా? కొట్టెయ్," అన్నాడు. మునిగింది ఎన్నాళ్ళకి ఏమై తేలుతుందో వచ్చే వానల్లో లెక్కపెడదామని ఆమె అనుకుంటూ ఉండగానే అన్నాడు. ఆమె గంగిరెద్దులా తలూపి కొట్టేసింది. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. లెక్క మిగిలిపోయింది.

పదకొండు మంది. చుక్కలు వేసుకున్నది సరిగ్గా నూట ఇరవై రాత్రులు. పువ్వుకి నాలుగు, మనిషికి నూట ఇరవై. ఒకటికి ముప్పై రెట్లు. సింహాలు ఆటలమ్మ పుణ్యమా అని ఏడు రాత్రులు వెనకబడి నూట పదమూడు దగ్గర ఉంది.

ఆ రాత్రికి సింహాలుని పనికి పంపలేదు. మర్నాడు కూడా చుక్కలకి పంపలేదు. అయినా చీకటి పడగానే సింహాలు కళ్ళు టక్కున తెరుచుకున్నాయి. ఇన్నాళ్ళూ సీసాలోంచి వచ్చినది ఇప్పుడు ఒంట్లోనే ఊరుతోంది. ఈ రెండు రాత్రులతో నూట పదిహేను అయ్యాయి.

తెల్లారాక పైడితల్లి డైరెక్టరు గదికి వెళ్ళింది. చక్రధర్ గారు బిస్కెట్టు కాఫీలో ముంచుకుంటున్నాడు.

"రక్తహీనత," అన్నాడు. "ఈ ప్రాంతపు ఆడవాళ్ళలో మామూలే కదా."

"పదకొండు మందికీ ఒకే సాయంత్రం, ఒకే గంటకా సార్?"

"ఏదో తిని ఉంటారు. కంపెనీ వాళ్ళు అంబులెన్సులు పంపించి నగరంలో తమ ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారు. మంచి వైద్యం. చుట్టాల్ని కూడా రానివ్వట్లేదు, ఇన్ఫెక్షన్ రాకుండా."

"కాడ చుట్టుకుంటోంది సార్. ఆరో అధ్యాయం."

బిస్కెట్టు విరిగి కాఫీలో పడింది. ఆయన దాన్ని స్పూనుతో వెతికాడు. "మీరు సైన్సు తెలిసినవారు. పువ్వు వేరు, మనిషి వేరు."

"తెరుచుకునేటప్పుడు రెండూ ఒకటే అన్నారుగా. ముడుచుకునేటప్పుడు వేరయ్యాయా?"

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మనుషుల మీద ప్రయోగానికి అనుమతి కోరిన పత్రం. పదిహేడో ప్రశ్న: పువ్వు పూర్తి జీవితకాలం పరిశీలించారా? జవాబు: అవును. కింద సంతకం, ఎస్. పైడితల్లి.

"వృక్షశాస్త్రం మీది కదండీ," అన్నాడు చక్రధర్ గారు, చాలా మర్యాదగా.

పాతికేళ్ళుగా ఆ మనిషిని ఏవగించుకుంటూ బతికింది పైడితల్లి. ఆయన బూట్లని, ఆయన ఇంగ్లీషుని, ఆయన నిద్రమాత్రల్ని. ఆ ఏవగింపే తనని ఆయనకన్నా ఓ మెట్టు పైన నిలబెట్టిందనుకుంది. ఇప్పుడు చూస్తే ఇద్దరి కాళ్ళూ ఒకే బురదలో ఉన్నాయి. ఆయన ఎప్పుడో కాగితం మీద చదివి మర్చిపోయి చేశాడు. తను తెలిసి చేసింది. ఛీ, అనుకుంది. ఆ ఛీ ఆయన దాకా కూడా పోలేదు.

ఆ సాయంత్రం చీకటి పడకముందే సింహాలుని నిద్రలోనే ఆటోలో ఎక్కించి తీసుకొచ్చి, మొగ్గల తొట్ల మధ్య మంచం వేసి వెలుగు గదిలో పడుకోబెట్టింది. దీపాలు ఆరలేదు. సింహాలు కళ్ళు తెరవలేదు. మొగ్గ మొగ్గగానే ఉంది.

అక్కణ్ణుంచి కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళింది. రెండో విడత రెండు వందల మంది ఆడవాళ్ళు చుక్కల కోసం వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ళకి ఇంకా అరవై రాత్రులే అయ్యాయి. పైడితల్లి గేటు పక్క దిమ్మ ఎక్కి అంతా చెప్పింది. పువ్వు సంగతి, కాడ సంగతి, పదిహేడో ప్రశ్న, తన సంతకం. ఒక్క ముక్క దాచలేదు.

ముందు వరసలోంచి ఒక ముసలామె అడిగింది. "కాడ సుట్టుకుంటాదని మాకూ తెల్సు. ఆ సుక్కలు కలవలోంచి తీసినవని మాకెవులు సెప్పినారు? 'మందు' అన్నారు. నీకు రెండూ తెల్సు. నువ్వేటి సేస్తన్నావమ్మా ఇన్నాళ్ళూ?"

పైడితల్లి దిమ్మ దిగి తల వంచుకుని నిలబడింది. ఆమె తల వంచడం ఆ ఊరు అదే మొదటిసారి చూడటం. ముసలామె ఆమె వైపు ఉమ్మలేదు గానీ, పక్కకి తిరిగి ఉమ్మింది. సూపర్‌వైజరు చేతిలో సీసా అలాగే ఉంది, వరస లేదు. వారం తిరిగేసరికి ఆ రెండు వందల మందికీ మామూలు నిద్ర వచ్చింది, రాత్రి పూట, గురకలతో సహా. అరవై దగ్గర ఆగినవాళ్ళు బతికిపోయారు. ఒంట్లోనే ఊరడం మొదలై, ఇంకా మునగనిది సింహాలు ఒక్కతే.

పైడితల్లి వారం రోజులు వెలుగు గదిలో చెల్లెలి పక్కన కూర్చుంది. ఇలాగే ఉంచేస్తే? ఏడాది, పదేళ్ళు? మునగదు. ఆమె వేలి మీద ఎముక దాకా తెగిన మచ్చ వంకే చూస్తూ ఆలోచించింది. అడక్కుండా పేరు రాయించింది ఒకసారి. అడక్కుండా ఇంకోసారి ఏదీ చెయ్యకూడదనుకుంది. ఎనిమిదో రోజు పగలు పదకొండింటికి మంచాన్ని నల్ల గుడ్డ దించిన అద్దాల ఇంట్లోకి తోసింది.

గంట పట్టలేదు. సింహాలు కళ్ళు తెరిచి, నల్ల గుడ్డ వంకా తొట్ల వంకా చూసింది. "ఇదేటప్పా, నన్ను కూడా కొయ్యడానికి తెచ్చినావేటి?"

నవ్వులాటకే అంది. పైడితల్లి నవ్వలేదు. గేటు దగ్గర చెప్పినట్టే అంతా చెప్పింది. ఇవాళ్టిది నూట పదహారు, ఇంకా నాలుగు ఉన్నాయి. అవి ఖర్చు పెట్టుకోవచ్చు. లేదా వెలుగులో మొగ్గలా ఉండిపోవచ్చు.

సింహాలు చాలాసేపు తన గోళ్ళు చూసుకుంది. రొయ్యల ఉప్పుకి తెల్లబారిన గోళ్ళు. 

"కాడ సంగతి నీకు ముందే తెల్సా?"

"తెలుసు."

"రాసినావు, కొట్టీసినావు."

"కొట్టేశాను."

"అమ్మ మనిద్దర్నీ ఒక్కలాగే బీలలో దింపింది. నీకు సదువుంది, నాకు నేదు. నాను నోరు తెరిస్తే 'నీకేం తెలుసే' అంటావు. నాకు తెల్సిందీ నీకు తెల్సిందీ ఒకటేనప్పా. నువ్వు దాన్ని కొట్టీసి పెద్దదానివయ్యావు." గొంతు పెద్దది చెయ్యలేదు. ఇన్నేళ్ళూ పైడితల్లి ఎదుటివాళ్ళని చూసిన చూపే ఇప్పుడు సింహాలు కళ్ళలో ఉంది. తక్కువ రకం సరుకుని ఏరి పక్కన పడేసేటప్పటి చూపు. పైడితల్లి ఆ చూపుని తప్పించుకోలేదు.

"నువ్వేమంటే అదే చేస్తాను," అంది.

"తెరుసుకున్న రాత్రులన్నీ రొయ్యలకి పెట్టినాను. ఉన్న నాలుగూ నావి. అద్దాల పెట్టిలో మొగ్గలాగ ఉంచీమాకు. బీలకి తీసుకుపో." లేచి కూర్చుంది. "ఇంకో మాట. కాయితం కలం అట్టుకురా. నన్ను లెక్కెట్టు. మొదట్నుంచి ఆకరి దాకా. ఈసారి కొయ్యకు."

మొదటి సాయంత్రం సింహాలు చీర మోకాళ్ళ దాకా ఎగదోపి బీలలో దిగింది. ఆ రాత్రికే విచ్చుకోబోయే మొగ్గని ఎంచింది. తన పాత చీర అంచు చింపి, దాని కాడకి కట్టింది. "ఇది నా జోడీ," అంది. పైడితల్లి గట్టున కూర్చుని రాసింది: మొదటి రాత్రి, ఏడు పది, ఇద్దరూ విచ్చుకున్నారు.

రెండో రాత్రి గిన్నెలో నీరు లేదు. పుప్పొడి రాలుతోంది. ఒక నల్ల పురుగు పొట్ట నిండా తిని రేకుల మధ్య బోర్లా పడింది. "అచ్చం మీ మరిదే," అంది సింహాలు. ఇద్దరూ నవ్వారు. పాతికేళ్ళుగా పువ్వులు కోసిన పైడితల్లి రెండో రాత్రి కలువని ఆరో అధ్యాయం రాసిన రోజుల్లో చూడటమే, మళ్ళీ చూడలేదు. వెచ్చగా ఉంది వేలు పెడితే. రాసుకుంది.

మూడో రాత్రి సింహాలు పని చెయ్యకుండా, మాట్లాడకుండా, నీళ్ళలో కాళ్ళు వేలాడేసి తెల్లారేదాకా కూర్చుంది. అంతసేపు ఊరికే కూర్చోవడం జీవితంలో ఇదే అంది. తూర్పున వెలుగు వస్తుంటే కళ్ళు మూతలు పడుతున్నా బలవంతాన తెరిచి ఉంచి, సూర్యుడి అంచు కొంచెం చూసింది. "ఉక్కగా ఉంటాదన్నావు. అబద్ధం," అని నిద్రలోకి జారింది.

నాలుగో రాత్రి కలువ కాయల గింజలు వేయించుకు తిన్నారు, అమ్మ వేయించినట్టే. "బయిమేస్తోందప్పా," అంది సింహాలు, ఉన్నట్టుండి. పైడితల్లి కలం పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకూ," అంది. ఆ ఒక్కమాట ఆమె ఎవరితోనైనా అనడం అదే మొదలు. కాసేపటికి సింహాలే చెయ్యి విడిపించుకుంది. "రాయి, రాయి. ఏడుపులు తర్వాత."

అయిదో సాయంత్రం ఏడు పది. పువ్వు విచ్చుకోలేదు. సింహాలు కళ్ళు తెరవలేదు. చీర ముక్క కట్టిన కాడ ఎడమవైపుకి ఒక చుట్టు తిరిగింది, తర్వాత ఇంకొకటి. పైడితల్లి ఇంట్లోకి వచ్చి చెల్లెలి మోకాళ్ళు గుండెల మీదికి వస్తుండడం చూసింది. వేళ వేసి రాసింది. అక్షరాలు అలుక్కుపోతే కొత్త పేజీలో మళ్ళీ రాసింది.

ఇరవై నాలుగో రోజు బీలలో కాయ పగిలింది. నానిన సగ్గుబియ్యంలా తెల్లటి పొరలు చుట్టుకున్న గింజలు వందల కొద్దీ నీటి మీదికి తేలాయి. సగం రోజు తేలాయి, గాలికి అటూ ఇటూ పోయాయి, పొర కరిగాక ఎక్కడికక్కడ మళ్ళీ దిగిపోయాయి. వచ్చే వానలకి మొలుస్తాయి. పువ్వుకి మునిగిన నాటి నుంచి ఇరవై నాలుగు రోజులు. పాతికేళ్ళ కింద తేలవలసిన లెక్క ఆ పూట తేలింది.

ఆ సాయంత్రమే చక్రధర్ గారు ఫోన్ చేశాడు. "పైడితల్లి గారూ, మీరేదో పరిశీలన చేస్తున్నారని విన్నాను. చాలా విలువైన సమాచారం. నేను రాసే వ్యాసంలో మీ పేరు రెండోది వేస్తాను."

"పదకొండు మంది ఎలా ఉన్నారు సార్?"

"అది... ఆసుపత్రి వాళ్ళు చూసుకుంటున్నారు."

"ఎవరైనా రాస్తున్నారా?"

అవతల మాత్రల సీసా గలగలమంది. "మాత్ర వేసుకుని పడుకోండి సార్, తొమ్మిదవుతోంది," అని ఆమె ఫోన్ పెట్టేసింది. పొద్దున్నే ఆ పదకొండు మంది మొగుళ్ళనీ తల్లుల్నీ వెంటేసుకుని నగరం వెళ్ళాలి. తలా ఒక నోటు పుస్తకం ఇవ్వాలి, ఆసుపత్రి తలుపు తీసేదాకా గేటు ముందు కూర్చోవాలి.

సింహాలు చాప మీద అలాగే చుట్టుకుని ఉంది. ఊపిరి నిదానంగా, చక్కగా ఆడుతోంది. పైడితల్లి తడిగుడ్డతో ఆమె మొహం తుడిచి, పక్కన కూర్చుని ముప్పైని ఇరవై నాలుగుతో హెచ్చవేసింది. ఏడు వందల ఇరవై రోజులు. అప్పటికి ఏమై తేలుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. గోడ మీద బొగ్గుతో ఇరవై నాలుగో గీత గీసింది. ఇంకా ఎన్ని గీతలు పట్టాలో గోడంతా ఒకసారి చూసుకుంది. చాలకపోతే పక్క గోడ ఉంది.